చెరకు తోటలో దిగిపోయిన డ్రోన్: వెతకడం ఎలా, ఇకముందు పోగొట్టుకోకుండా ఎగరేయడం ఎలా

చేనుగట్టు (ఉయ్యూరు దగ్గర) | ఫిబ్రవరి 18, రాత్రి 8:40

సభ్యులందరికీ నమస్కారం. 249 గ్రాముల చిన్న డ్రోన్ ఒకటి మిత్రుడి దగ్గర పాతది కొనుక్కుని మూడు వారాలైంది. ఈ సాయంత్రం నాలుగున్నరకు మా పొలం గట్టు మీద నుంచి లేపి, వాయవ్యంగా కాలువ వెంబడి పంపాను. పోయేటప్పుడు హాయిగా పోయింది. 1,300 మీటర్ల దూరంలో బ్యాటరీ 34 శాతం చూపించగానే, లేచిన చోటుకు దానంతటదే తిరిగి రమ్మనే (రిటర్న్ టు హోమ్) ఆర్‌టీహెచ్ మీట నొక్కాను. అది అనుకున్నట్టే 60 మీటర్ల ఎత్తుకు లేచి నా వైపు తిరిగింది గానీ, తెర మీద వేగం సెకనుకు రెండు మీటర్లకు మించలేదు. నాకు ఇంకా 600 మీటర్ల దూరం ఉండగానే బ్యాటరీ అడుగంటిందని హెచ్చరించి తనంతట తానే దిగడం మొదలుపెట్టింది. తెర మీద చివరిగా కనిపించిన ఎత్తు తొమ్మిది మీటర్లు, ఆ తర్వాత సిగ్నల్ పోయింది.

అది దిగిన చోటు పొరుగు రైతు చెరకు తోట. తోట జడలు కట్టి ఉంది, మనిషికి నిలువున్నర ఎత్తు. టార్చి కోసం ఇంటికి వచ్చి, మళ్లీ వెళ్లి, ఎనిమిదింటి దాకా సాళ్ల మధ్య వెతికాను. చేతులు గీరుకుపోయాయి, డ్రోన్ మాత్రం దొరకలేదు. రేపు ఉదయం ఏ పద్ధతిలో వెతకాలో, అసలు అది ఎందుకు తిరిగి రాలేకపోయిందో తెలిసినవారు చెప్పగలరా?

గగనవీధి (హనుమకొండ) | ఫిబ్రవరి 18, రాత్రి 9:05

చేనుగట్టు గారూ, ముందు వెతకడం సంగతి చూద్దాం. యాప్‌లో ‘ఫైండ్ మై డ్రోన్’ తెరిస్తే చివరిగా నమోదైన స్థానం దొరుకుతుంది. ఆ అక్షాంశ రేఖాంశాలను కాగితం మీద రాసుకుని, మరో ఫోన్‌లో మ్యాప్ తెరిచి అక్కడికి నడవండి. అదే మెనూలో డ్రోన్ చేత కూత పెట్టించి దీపాలు వెలిగించే మీట కూడా ఉంటుంది. అయితే రిమోట్‌కూ డ్రోన్‌కూ సంబంధం కలిసి, బ్యాటరీలో కాస్త ఊపిరి మిగిలి ఉంటేనే అది పనిచేస్తుంది. దిగిన వెంటనే రిమోట్ ఆపకుండా నేరుగా ఆ తోటలోకి నడిచి ఉంటే ఆ కూత వినబడి ఉండేదేమో. టార్చి కోసం ఇంటికి వెళ్లినప్పుడే ఆ అవకాశం జారిపోయింది. ఇప్పటికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంటుంది.

ఇంకొక మార్గం ఉంది. మెమరీ కార్డు డ్రోన్‌లోనే ఉన్నా, ఎగురుతున్నంతసేపూ మీ ఫోన్‌కు వచ్చిన తక్కువ నాణ్యత వీడియో ఫోన్‌లో నిలవ ఉండే వీలుంది. దాని చివరి పది సెకన్లను ఒక్కొక్క చిత్రంగా ఆపి చూడండి. కెమెరా ఏ దిక్కుకు చూస్తోందో, అంచున ఏ చెట్టు, ఏ షెడ్డు కనబడుతున్నాయో పోల్చుకుంటే, మ్యాప్ చుక్క కంటే అదే ఎక్కువ సాయం చేస్తుంది.

ఎందుకు రాలేకపోయిందో రేపు తీరిగ్గా రాస్తాను. కారణం ఒక్క మాటలో గాలి.

పాతకాపు (సికింద్రాబాద్) | ఫిబ్రవరి 18, రాత్రి 10:20

నేను బాల్సా చెక్కతో విమానాలు చేసి ఎగరేసిన తరం వాడిని కాబట్టి కొంచెం కటువుగా మాట్లాడితే మన్నించండి. అరచేతిలో పట్టే డ్రోన్ 1,300 మీటర్ల దూరంలో ఎవరి కంటికీ కనబడదు. మూడు వందల మీటర్లు దాటితేనే అది చుక్కలా మారి, ముక్కు ఎటు ఉందో తోక ఎటు ఉందో తెలియకుండా పోతుంది. తెరలోకి చూస్తూ ఎగరేసేవాడికి కెమెరా ముందున్నదే తెలుస్తుంది. పక్కనుంచి దూసుకొచ్చే గద్ద, వెనకనున్న కరెంటు తీగ, కింద చేలో పనిచేస్తున్న మనిషి అతనికి కనబడరు. కంటిచూపులో ఉన్న డ్రోన్ పోయినా ఎక్కడ పడిందో చూస్తాం కాబట్టి తెచ్చుకోగలం.

రేపు తోటలోకి వెళ్లేముందు ఆ రైతును అడిగి వెళ్లండి. జడలు కట్టిన చెరకును తోసుకుంటూ పోతే కట్టు విడిపోయి తోట పడిపోతుంది, ఆ నష్టం మీ డ్రోన్ ఖరీదు కంటే తక్కువేమీ కాదు.

గగనవీధి (హనుమకొండ) | ఫిబ్రవరి 19, ఉదయం 6:15

రాత్రి బాకీ పడిన వివరణ ఇది. డ్రోన్ వేగం గాలిలో వేగం, నేల మీద వేగం కాదు. ఏటికి ఎదురీదేవాడి పరిస్థితే దానిదీ. మీ తరహా డ్రోన్ మామూలు మోడ్‌లో సెకనుకు సుమారు పది మీటర్ల వేగంతో పోగలదు. మీ జిల్లాలో మధ్యాహ్నం తిరిగాక సముద్రం వైపు నుంచి పైరగాలి పడుతుంది. నేల మీద ఆకు కదలనట్టే ఉన్నా, 60 మీటర్ల ఎత్తున అది సెకనుకు ఎనిమిది మీటర్లు ఉండటంలో ఆశ్చర్యం లేదు. పదిలోంచి ఎనిమిది తీసేస్తే రెండు. మీరు తెర మీద చూసిన రెండు అదే. ఆ లెక్కన 1,300 మీటర్లు వెనక్కి రావడానికి 650 సెకన్లు, అంటే దాదాపు పదకొండు నిమిషాలు కావాలి. మీ 34 శాతంలో ఎగరడానికి మిగిలింది ఆరు నిమిషాలు మాత్రమే. అందుకే 700 మీటర్లు వచ్చి ఆగిపోయింది. గాలిని వీపున పెట్టుకుని వెళ్లారు కాబట్టి పోయేటప్పుడు ఈ సంగతి మీకు తెలిసే అవకాశమే లేదు.

ఆ క్షణంలో చేయవలసింది వేరు. ఆర్‌టీహెచ్‌ను రద్దు చేసి, దారిలో చెట్లూ తీగలూ లేవని రూఢి చేసుకుని, ఎత్తు పాతిక మీటర్లకు తగ్గించి, అన్నిటికంటే వేగంగా పోయే స్పోర్ట్ మోడ్‌లో ముక్కు సూటిగా మీ వైపు రావాలి. కింద గాలి సెకనుకు అయిదు మీటర్లే ఉండి, డ్రోన్ పదహారు మీటర్ల వేగం అందుకుంటే నికరంగా పదకొండు మిగులుతుంది, రెండు నిమిషాల్లో మీ ముందు ఉంటుంది. స్పోర్ట్ మోడ్ బ్యాటరీని ఎక్కువ తాగుతుందన్న మాట నిజమే. కానీ ఎదురుగాలిలో నిలబడి ఆరు నిమిషాలు కాల్చుకోవడం కంటే రెండు నిమిషాలు గట్టిగా కాల్చడమే లాభం.

అసలు పద్ధతి ఇంకా సులువైనది. బయలుదేరడం ఎప్పుడూ గాలికి ఎదురుగా బయలుదేరండి. అలసిపోయాక ఇంటికి వచ్చే దారిలో గాలి వీపున ఉంటుంది.

పెళ్లిపందిరి (తెనాలి) | ఫిబ్రవరి 19, ఉదయం 9:30

గగనవీధి గారితో ఒక్క చోట ఏకీభవించలేను. పెళ్లి వీడియోల పనిలో ఆరేళ్లుగా డ్రోన్ ఎగరేస్తున్నాను, ఆర్‌టీహెచ్ ఎత్తు ఎక్కడైనా వంద మీటర్లే పెడతాను. మాది పల్లెటూరు కాదు. సందుకొక సెల్ టవర్, మండపం పక్కనే కొబ్బరిచెట్లు, పైన హైటెన్షన్ తీగలు. చిన్న డ్రోన్లలో చాలావాటికి ముందుచూపు సెన్సర్లు ఉండవు, ఉన్నవి కిందకు చూసేవే. అలాంటి డ్రోన్‌ను తక్కువ ఎత్తున తిరిగి రమ్మంటే టవర్‌కు గుద్దుకోమని చెప్పినట్టే. గాలికి కాస్త ఆలస్యంగా వచ్చినా పరవాలేదు, ముక్కలై రాకూడదు.

గగనవీధి (హనుమకొండ) | ఫిబ్రవరి 19, ఉదయం 10:10

పెళ్లిపందిరి గారూ, మీరు మండపం నుంచి వంద మీటర్లు కూడా దూరం పోరు కాబట్టి మీ పద్ధతి మీకు చెల్లుతుంది. ఆ దూరంలో ఎంత గాలి ఉన్నా వెనక్కి రావడానికి బ్యాటరీ మిగులుతుంది. బయలు పొలంలో కిలోమీటరు పోయేవాడు అదే అంకె పెడితే, అవసరం లేని ఎత్తుకు ఎక్కడానికి కొంత బ్యాటరీ, అక్కడి గాలితో పోరాడటానికి మరికొంత బ్యాటరీ పోతాయి. చుట్టూ ఉన్నవాటిలో అన్నిటికంటే ఎత్తైనది ఏదో చూసి, దానికి ఇరవై మీటర్లు కలిపి పెట్టుకోవడం నా అలవాటు, అదీ ప్రతి చోటా కొత్తగా. చేనుగట్టు గారి పొలంలో కొబ్బరిచెట్లే ఎత్తైనవి అయితే 45 మీటర్లు సరిపోయేవి.

ఈ ఎత్తును డ్రోన్ లేచిన చోటు నుంచి కొలుస్తుందని మరవకూడదు. కొండ అడుగున నిలబడి లేపినవాడు 45 పెట్టుకుని కొండ అవతలి వైపుకు పంపితే, సిగ్నల్ పోగానే అది తనంతట తానే తిరుగుముఖం పట్టి నేరుగా కొండ కడుపులోకి వస్తుంది. గండికోట లాంటి చోట ఇబ్బంది ఇంకో రకం. పైనుంచి లేపి పెన్నా లోయలోకి దింపితే రెండు వైపులా రాతి గోడలు ఆకాశాన్ని మూసేసి జీపీఎస్‌కు అందే ఉపగ్రహాల లెక్క పడిపోతుంది, రిమోట్‌కూ మధ్యలో రాయి అడ్డం వస్తుంది. పైగా ఆ కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది, అనుమతి లేకుండా అక్కడ లేపకూడదు.

పెళ్లిపందిరి (తెనాలి) | ఫిబ్రవరి 19, ఉదయం 10:45

దూరం సంగతి ఒప్పుకుంటున్నాను. డ్రోన్ లేచిన చోటు, అంటే అది తిరిగి రావలసిన హోమ్ పాయింట్, మాట వచ్చింది కాబట్టి నా తప్పు కూడా చెప్పుకోవాలి. పెళ్లికి ముందు తీసే వీడియో కోసం ఒక జంటతో పాపికొండల దారిలో లాంచీ ఎక్కి, లాంచీ పైకప్పు మీద నుంచి డ్రోన్ లేపాను. హోమ్ పాయింట్ లేచిన చోటే నమోదైంది, లాంచీ మాత్రం ముందుకు సాగిపోయింది. మలుపులో సిగ్నల్ తెగింది. డ్రోన్ ఎంతో బుద్ధిగా తాను లేచిన చోటుకే తిరిగి వెళ్లి, నడి గోదావరి మీద నిలబడి దిగడం మొదలుపెట్టింది. లాంచీ మలుపు తిరిగాక సిగ్నల్ మళ్లీ అందింది కాబట్టి, నీళ్లకు రెండు చేతుల ఎత్తులో ఉండగా లాక్కోగలిగాను. కదిలే బండి మీద నుంచీ పడవ మీద నుంచీ లేపేవారు యాప్‌లో హోమ్ పాయింట్‌ను ఎప్పటికప్పుడు మార్చుకోవాలి, లేదా ఆర్‌టీహెచ్‌ను నమ్ముకోకూడదు. నీటికి మరీ దగ్గరగా పోతే కిందిచూపు సెన్సరు కదిలే అలలను నేల అనుకుని తికమక పడుతుంది, దానంతటది జారుతుంది.

కొత్తరెక్కలు (నిజామాబాద్) | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1:00

నాది ఇంత ఖరీదైనది కాదు. మా అబ్బాయికి కొన్న మూడు వేల రూపాయల బొమ్మ డ్రోన్. మేడ మీద లేపగానే పక్కకు జారిపోయి రెండిళ్ల అవతల పడింది. దీనికి కూడా హోమ్ పాయింట్ ఉంటుందా?

పాతకాపు (సికింద్రాబాద్) | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2:25

ఆ ధరలో వచ్చేవాటికి సాధారణంగా జీపీఎస్ ఉండదు. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తును మాత్రం పట్టుకుంటాయి, గాలి ఎటు తోస్తే అటు పోతాయి. పెట్టె మీద తిరిగి వచ్చే మీట ఉందని రాసినా అది ఇల్లు గుర్తుపట్టి రాదు. నాలుగు గోడల మధ్య, లేదా గాలి బొత్తిగా లేని తెల్లవారుజామున బడి మైదానంలో, మీ అబ్బాయి నడుము ఎత్తుకు మించకుండా నేర్పించండి. నేర్చుకోవడానికి నిజానికి అదే మంచిది, చేతులు వాటంతటవే సరిదిద్దుకోవడం అలవాటవుతుంది. జీపీఎస్ డ్రోన్‌తో మొదలుపెట్టినవాడికి జీపీఎస్ పోయిన రోజున చేతులు ఆడవు.

మేడ సంగతి జీపీఎస్ ఉన్నవాళ్లూ వినాలి. శ్లాబులో ఇనుప ఊచలు ఉంటాయి, పక్కన నీళ్ల ట్యాంకు స్టాండు ఉంటుంది. అక్కడ దిక్సూచి తప్పు చూపితే, లేచిన డ్రోన్ ఒకచోట నిలబడలేక వలయాలు తిరుగుతూ, వలయం పెద్దది చేసుకుంటూ పోతుంది. కారు బానెట్ మీద నుంచి లేపడం కూడా ఇలాంటిదే. మట్టి నేల మీద ఒక చాప పరిచి, ఉపగ్రహాలు తగినన్ని అందాయనీ హోమ్ పాయింట్ నమోదైందనీ యాప్ చెప్పేదాకా ఆగి, ముందుగా మూడు మీటర్ల ఎత్తులో అర నిమిషం నిలబెట్టి చూడండి. అక్కడ కుదురుగా ఉంటేనే పైకి పంపండి.

మా ఊళ్లో ఎగరేయడమే కష్టం. బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన స్థావరాలన్నీ చుట్టూనే ఉన్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలను బట్టి దేశమంతటికీ ప్రభుత్వం ఒక రంగుల మ్యాప్ విడుదల చేసింది. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. ఎర్ర ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే లేపకూడదు. 250 గ్రాములకు లోబడిన నానో తరగతికి పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు గానీ, దాని అర్థం ఎక్కడైనా ఎగరేయవచ్చని కాదు. తిరుమల కొండ మీద తేలికైన డ్రోన్ లేపినా కేసు కేసే. అందుకే నేను ఆదివారం తెల్లవారుజామున ఊరు దాటి యాభై కిలోమీటర్లు పోతాను. సంక్రాంతి వారం అటు కూడా పోను. ఒకసారి ఎవరిదో తెగిన పతంగి మాంజా రెక్కకు చుట్టుకుని, నా డ్రోన్ రాయిలా పడింది. ఆ దారం కెమెరాలో కనబడదు, కంటికీ కనబడదు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించిన నైలాన్ మాంజా ఇప్పటికీ దొరుకుతూనే ఉంది.

డాలస్_బాటసారి | ఫిబ్రవరి 19, సాయంత్రం 6:50

ఇక్కడ అమెరికాలో సరదాగా ఎగరేసేవారు కూడా ఆన్‌లైన్‌లో ఒక చిన్న ఉచిత పరీక్ష రాసి, ఆ ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి. డ్రోన్‌ను కంటిచూపు దాటనివ్వకపోవడం ఇక్కడ సలహా కాదు, చట్టం. పాతకాపు గారి మందలింపు చదివి అది గుర్తొచ్చింది. నాకొక సందేహం. వేసవిలో ఊరికి వస్తూ నా డ్రోన్ తెచ్చుకోవచ్చా?

పాతకాపు (సికింద్రాబాద్) | ఫిబ్రవరి 19, రాత్రి 7:30

తేవద్దు బాబూ. 2022 ఫిబ్రవరి నుంచి పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే మినహాయింపు, దానికీ ముందస్తు అనుమతి కావాలి. శంషాబాద్‌లో కస్టమ్స్ వారితో మీ సెలవుల మొదటి రోజు గడిచిపోతుంది.

చేనుగట్టు (ఉయ్యూరు దగ్గర) | ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 12:15

దొరికింది! నిన్నంతా యాప్ చూపిన చుక్క చుట్టూ వెతికినా ఫలితం లేకపోయింది. రాత్రి ఫోన్‌లోని వీడియో చివరి క్షణాలను గగనవీధి గారు చెప్పినట్టు ఆపి ఆపి చూస్తే, కుడి అంచున బోరు మోటారు షెడ్డు రేకుల కప్పు, దాని వెనక ఒక తుమ్మచెట్టు కొమ్మ కనిపించాయి. ఈ ఉదయం తోట రైతు బాబాయిని వెంటబెట్టుకుని షెడ్డు దగ్గర నిలబడి, షెడ్డూ చెట్టూ ఫోటోలోలాగా ఒకే వరసలోకి వచ్చేదాకా సాళ్ల వెంట పక్కకు జరిగాం. చుక్కకు పన్నెండు అడుగుల దూరంలోనే ఉంది. రెండు రోజులూ నేను రెండు సార్లు దాని పక్కనుంచే నడిచి ఉంటాను. మేమంతా నేల మీద వెతుకుతున్నాం, అది నేలకు రానేలేదు. రెండు చెరకు జడల మధ్య ఎండాకు మీద బోర్లా పడుకుని, తల కంటే ఎత్తులో ఉంది. బాబాయి కొడవలి పిడితో ఆకు పక్కకు తోస్తుంటే బూడిద రంగు రెక్క ఒకటి తళుక్కుమంది.

ఒక రెక్క చివర విరిగింది. బ్యాటరీ పైభాగం కొంచెం ఉబ్బినట్టు అనిపిస్తోంది. రెండు రాత్రులు మంచులో తడిసింది. ఎండబెట్టి ఛార్జింగ్ పెట్టి చూడనా?

గగనవీధి (హనుమకొండ) | ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 12:40

దొరికినందుకు సంతోషం, కానీ ఆ బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టవద్దు. పూర్తిగా అడుగంటి, ఉబ్బిన లిథియం బ్యాటరీకి మళ్లీ కరెంటు ఇస్తే అది అంటుకోవచ్చు, నీళ్లు పోసినా తొందరగా ఆరే మంట కాదు. ఇప్పుడే బయటకు తీసి, ఇసుక పోసిన మట్టి కుండలో ఇంటి బయట ఉంచి, వీలున్నప్పుడు పాత ఎలక్ట్రానిక్ సామాను సేకరించేవారికి అప్పగించండి. డ్రోన్‌ను మాత్రం బ్యాటరీ లేకుండా రెండు మూడు రోజులు నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, ఆ పొడి మోటార్లలోకి పోతుంది. విరిగిన రెక్కతో పాటు అదే మోటారు మీది రెండో రెక్కనూ మార్చండి, కొత్తదీ పాతదీ కలిస్తే వణుకు వస్తుంది.

కొత్త బ్యాటరీ వచ్చాక, వారం పైన వాడకపోతే సగానికి కాస్త ఎక్కువ ఛార్జ్‌లో దాచండి, నిండుగా ఉంచితే ఉబ్బుతుంది. మన ఎండల్లో ఎగిరి వచ్చిన బ్యాటరీ చేతికి వేడిగా ఉన్నంతసేపు ఛార్జర్‌కు తగిలించకూడదు. ఇక బ్యాటరీ సగం కాగానే తిరుగుముఖం పట్టండి, గాలి ఉన్న రోజున ఇంకా ముందే.

పెళ్లిపందిరి (తెనాలి) | ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 1:20

డ్రోన్ పొట్ట మీద మీ ఫోన్ నంబరు రాసిన చిన్న స్టిక్కరు అంటించండి, గ్రాము బరువు కూడా ఉండదు. నాది ఒకసారి మామిడితోటలో పడితే కాపలాదారే ఫోన్ చేశాడు. ఇంకొక మాట. గద్ద వెంటపడితే కిందికి పారిపోకండి, నిటారుగా పైకి లేపండి. అది మీదనుంచి దూకి తన్నే పక్షి, తనకంటే వేగంగా నిట్టనిలువునా ఎక్కేదాన్ని అందుకోవడం దానికి కష్టం.

చేనుగట్టు (ఉయ్యూరు దగ్గర) | మార్చి 2, ఉదయం 8:05

కొత్త బ్యాటరీ, కొత్త రెక్కలు వేసి ఈ ఉదయం ఆరింటికి మళ్లీ లేపాను. ముందు మూడు మీటర్ల ఎత్తులో అర నిమిషం ఆపాను. గట్టు మీద చిటికెడు దుమ్ము ఎగరేసి గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఎదురుగా మూడు వందల మీటర్లు మాత్రం పంపి, 60 శాతం దగ్గరే వెనక్కి పిలిచాను. ఆర్‌టీహెచ్ 45 మీటర్లు. చాప మీదకే దిగింది. ఒకటే లోపం మిగిలింది. వీడియోలో దిగంతం ఎడమ వైపుకు కొంచెం ఒరిగి కనబడుతోంది.

గగనవీధి (హనుమకొండ) | మార్చి 2, ఉదయం 8:30

బోర్లా పడినప్పుడు జింబల్, అంటే కెమెరాను మట్టంగా పట్టి ఉంచే అమరిక, కదిలి ఉంటుంది. మట్టంగా ఉన్న గచ్చు మీద డ్రోన్ ఉంచి, యాప్‌లో దాన్ని సరిదిద్దే జింబల్ క్యాలిబ్రేషన్ నడపండి. అది జరుగుతున్నంతసేపు డ్రోన్‌ను ముట్టుకోవద్దు.

చేనుగట్టు (ఉయ్యూరు దగ్గర) | మార్చి 2, ఉదయం 9:10

మా ఇంట్లో మట్టంగా ఉన్నది వంటింటి గట్టు ఒక్కటే. అక్కడ పెట్టి నడిపితే దిగంతం సరిపోయింది. స్టిక్కరు కూడా అంటించాను.